రెండు కండ్ల కెమెరా: దాని చరిత్ర, దాని మరమ్మతు



ఈ వార్షిక సంచిక కోసం ఇంటింటి పెద్దల పాత ఫోటోలు పంపవలసిందిగా సభ్యులను కోరినాము. ముత్యంపేట నుండి, చుట్టుపక్కల మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుండి వచ్చినవాటిని బల్ల మీద పరచి చూస్తే ఒక సంగతి తెలిసింది. కత్తిరించకుండా మిగిలిన స్టూడియో ఫోటోలలో చాలా భాగం సరిగ్గా చదరంగా ఉన్నవి. పొడవు ఎంతో వెడల్పు అంతే. ఇంకొక విశేషమేమంటే, వాటిలోని మనుషులు కెమెరా వైపు తల ఎత్తి, కొంచెం గంభీరంగా, తమ ఎదుట ఎవరో వంగి సలాము చేస్తున్నట్టుగా చూస్తున్నారు.

నిజంగానే ఎదుట ఒక మనిషి వంగి ఉన్నాడు. ఆ రోజులలో మన ఊళ్ల స్టూడియోలలో వాడిన కెమెరాను కంటికి ఆనించి చూసేవారు కారు. ఛాతీ దగ్గర పట్టుకొని, పై మూత తెరచి, తల వంచి లోపలికి చూసేవారు. దానికి ముందు వైపు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు ఉండేవి. ఇంగ్లీషులో దానిని ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ అంటారు. మనవాళ్లు 'రెండు కండ్ల కెమెరా' అన్నారు. మన తాతల, నానమ్మల ముఖాలు మనకు దక్కినవంటే చాలా మట్టుకు ఈ పెట్టె పుణ్యమే. కాబట్టి దాని చరిత్రను, చెడిపోయినదానిని బాగు చేసే పద్ధతిని, ఆ బాగు చేయడంతో మనకేమి పని అన్నదానిని ఈ వ్యాసంలో చెప్పదలచినాము.

చీకటి గది

కెమెరా కథ మొదలయ్యేది కెమెరాతో కాదు, ఒక చీకటి గదితో. బస్రాలో సుమారు 965లో పుట్టి, కైరోలో సుమారు 1040లో మరణించిన ఇబ్నుల్ హైసమ్ అనే మహా పండితుడు 'కితాబుల్ మనాజిర్' అను ఏడు భాగాల గ్రంథం వ్రాసినాడు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. అట్లా కాదు, వస్తువు నుండి వెలుతురే కంటిలోనికి వస్తుందని ఆయన ప్రయోగాలతో నిరూపించినాడు. చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, బయట కొన్ని దీపాలు వరుసగా పెట్టినాడు. లోపలి గోడ మీద ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుతురు మచ్చ పడింది. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే పోయింది, మిగతావి అట్లాగే ఉన్నవి. వెలుతురు తిన్నగా నడుస్తుందనడానికి ఇంతకంటే తేలికైన రుజువు ఏముంటుంది? ఈ గ్రంథం తరువాత లాటిన్ భాషలోనికి వెళ్లి యూరపు పండితులకు పాఠ్యగ్రంథమైనది. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా పాటించినప్పుడు ఆయన పేరును ప్రపంచమంతా తలచుకొన్నది.

ఇక్కడ ఒక మాట. 'కెమెరా' అన్న మాట అరబ్బీ 'ఖమ్రా' నుండి పుట్టిందని మనలో కొందరు సభలలో చెబుతుంటారు. అది సరికాదు. గది అని అర్థమిచ్చే లాటిన్ మాట అది. ఇబ్నుల్ హైసమ్‌కు రావలసిన గౌరవం ఆయన చేసిన పనితోనే దండిగా ఉన్నది. లేనిదానిని తెచ్చి అంటించవలసిన అవసరం లేదు.

ఆ చీకటి గదినే రానురాను చిన్న పెట్టెగా చేసినారు. రంధ్రం స్థానంలో లెన్సు వచ్చింది. లోపల ఏటవాలుగా అద్దం పెడితే బొమ్మ పెట్టె పై భాగాన గరుకు గాజు మీద పడేది. చిత్రకారులు దాని మీద కాగితం వేసి గీసుకొనేవారు. మన రెండు కండ్ల కెమెరా పై సగం అచ్చంగా ఇదే. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి ప్రకటించబడిన తరువాత, ఆ గీసే పని వెలుతురే చేయసాగింది.

బ్రౌన్‌ష్వైగ్ నుండి

రెండు లెన్సుల ఆలోచన 1880ల నాటిదే. ఒక లెన్సు చూడడానికి, ఇంకొకటి ఫోటో తీయడానికి అన్నమాట. కాని అప్పటివి పెద్ద చెక్క పెట్టెలు. దానిని చేతిలో ఇమిడే యంత్రంగా చేసినవారు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణానికి చెందిన పాల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె అను ఇద్దరు. 1920లో వారు కంపెనీ పెట్టి, మొదట మూడు లెన్సుల కెమెరాలు చేసినారు. పక్కపక్కన రెండు లెన్సులు జంట ఫోటోలు తీసేవి, నడుమ లెన్సు చూడడానికి. తరువాత ఒక లెన్సు తీసివేసి, మిగిలిన రెంటినీ నిలువుగా పేర్చినారు. 1929లో వచ్చిన ఆ కెమెరా పేరు రోలీఫ్లెక్స్. 1933లో దానికి చవక తమ్ముడు రోలీకార్డ్ వచ్చింది. 1937లో వచ్చిన ఆటోమాట్ అనేది ఫిల్ము మొదలు ఎక్కడుందో తనంతట తానే పసిగట్టేది.

తీరు చూడండి. పై లెన్సు నుండి వచ్చిన వెలుతురు 45 డిగ్రీల ఏటవాలులో ఉన్న అద్దాన్ని తాకి పైకి మళ్లి గరుకు గాజు మీద బొమ్మగా పడుతుంది. కింది లెన్సు గాజు బిళ్లల నడుమ షట్టరు, దాని వెనుక ఫిల్ము. రెండు లెన్సులు ఒకే పలక మీద బిగించి ఉంటవి గనుక, పక్కనున్న మర తిప్పితే రెండూ కలిసి ముందుకు వెనుకకు కదులుతవి. పైన స్పష్టంగా కనబడితే కింద కూడా స్పష్టంగా ఉన్నట్టే. ఒకటే చిక్కు, పైన కనబడే బొమ్మలో కుడి ఎడమలు తారుమారవుతవి. కొత్తగా నేర్చుకొనేవాడు మనిషి కుడికి జరిగితే కెమెరాను ఎడమకు తిప్పుతాడు. నెల రోజులలో చేతికి అలవాటవుతుంది.

ఫిల్ము పేరు 120. కొడక్ కంపెనీ 1901లో తెచ్చిన ఈ ఫిల్ము నేటికీ దొరుకుతుంది. రీలుకు 12 ఫోటోలు, ఒక్కొక్కటి సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. మన పెద్దల ఫోటోలు చదరంగా ఉండడానికి కారణం ఇదే. కెమెరాను అడ్డం నిలువు తిప్పే పని లేకుండా చదరంగా తీసి, తరువాత కావలసినంత కత్తిరించుకొనేవారు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో దీని పోలికలో కెమెరాలు ఎన్నో వచ్చినవి. అందులో మనకు బాగా తెలిసినది యాషికా. 1957లో యాషికా మాట్, 1968లో యాషికా మాట్ 124, 1970లో 124 జి వచ్చినవి. ఈ చివరిది 1986 దాకా తయారైంది. రష్యా నుండి లుబితెల్, చైనా నుండి సీగల్ కూడా వచ్చినవి.

మన గడ్డ మీద

హైదరాబాదు సంస్థానంలో ఫోటో అంటే మొదట గుర్తుకు వచ్చే పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర పుట్టిన ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరైనాడు. 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినాడు. 1892లో హైదరాబాదులో ఆయన జనానా స్టూడియో తెరచినాడు. పరదా పాటించే స్త్రీల కోసం నడిచిన ఆ స్టూడియోను మిసెస్ కెన్నీ లెవిక్ అను మహిళ చూసుకొనేది. మన ఇండ్లలో ఆడవారి ఫోటోల విషయం ఎంత సున్నితమైనదో ఆనాడే ఒక కళాకారుడు గుర్తించినాడంటే మెచ్చుకోవలసిందే. అయితే అవి నవాబుల రోజులు. గాజు పలకల మీద ఫోటో తీయించుకొనే స్తోమత బీదసాదలకు ఎక్కడిది?

రెండు కండ్ల కెమెరా రాకతో మన దేశంలో ఈ విద్య సామాన్యుల దగ్గరికి నడిచి వచ్చింది. 1913లో నవసారిలో పుట్టిన హొమాయ్ వ్యారవాలా అను పార్సీ మహిళ రోలీఫ్లెక్స్ చేతబట్టి 1947 నాటి ఢిల్లీని, గాంధీజీ అంతిమయాత్రను ఫోటోలు తీసింది. దేశపు మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన ఆమెకు 2011లో పద్మవిభూషణ్ ఇచ్చినారు. 2012లో కన్నుమూసింది. ఢిల్లీలో రోలీఫ్లెక్స్ చేసిన పనినే జిల్లా పట్టణాలలో యాషికా చేసింది.

మన వైపు దీని అవసరం మూడు దిక్కుల నుండి వచ్చింది. మొదటిది పాస్‌పోర్టు. 1973 తరువాత చమురు ధర పెరిగి, గల్ఫు దేశాలలో పనులు పుట్టి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి మన పిల్లలు బయలుదేరినారు. పాస్‌పోర్టుకు ఫోటో కావలె. హజ్ యాత్రకు పోవాలన్నా కావలె. రెండవది బీడీ కార్డు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చిన తరువాత గుర్తింపు కార్డుల కోసం, ఇల్లు కదలని ఆడవారు కూడా స్టూడియో గడప తొక్కినారు. మూడవది ఓటరు కార్డు. 1993లో ఎన్నికల సంఘం ఫోటో కార్డులకు ఆదేశమిచ్చింది. ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసం దిగిన ఫోటోయే చాలామందికి జీవితంలో ఒకే ఒక్క ఫోటో.

ఆ రోజులలో "ఫోటో రేపు రా" అనేవారు, గుర్తున్నదా? రీలుకు 12 ఫోటోలు. అందరి ఫోటోలు ఒకే రీలు మీద పడవలె, రీలు నిండవలె, చీకటి గదిలో కడగవలె, హైపోలో వేయవలె, ఆరబెట్టవలె, నెగిటివు మీద సన్న పెన్సిలుతో ముఖం మచ్చలు దిద్దవలె, అప్పుడు ప్రింటు. మనము విసుక్కొన్నాము గాని, ఒక్కొక్క ముఖం మీద అంత పని జరిగేది.

ఫిల్ము కూడా మన దేశానిది వచ్చింది. ఊటీలో 1960లో స్థాపించబడిన ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ము, కాగితము తయారు చేసింది. కాలక్రమంలో అది నష్టాలపాలై మూతపడింది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ సంగతి మనకు చెప్పనక్కరలేదు, 2015 డిసెంబరులో దానికి తాళం పడింది. అక్కడ పనిచేసినవారి ఇండ్లలో డ్యూటీ దుస్తులతో దిగిన చదరపు ఫోటోలు ఇంకా ఉన్నవి. ఫ్యాక్టరీ ఆగినా ఫోటోలో మనిషి నిలబడే ఉన్నాడు.

కెమెరాకు పట్టే జబ్బులు

ముత్యంపేటలో ఒక సోదరుని ఇంట్లో, అటక మీద తోలు సంచిలో ఒక యాషికా మాట్ 124 జి ఉన్నదని తెలిసి, ఈ వ్యాసం కోసం దానిని తెప్పించి బాగు చేయించినాము. ఒకనాడు స్టూడియోలో పనిచేసిన ఒక పెద్దమనిషి, గడియారాలు బాగుచేసే ఒక మిస్త్రీ కలిసి ఈ పని చేసినారు. గడియారాల మిస్త్రీ ఎందుకని అడుగవచ్చు. ఈ కెమెరా షట్టరులో నిదాన వేగాలను నడిపేది స్ప్రింగు, పళ్ల చక్రాలు, వాటిని ఆపి ఆపి వదిలే ఒక చిన్న మీట. గోడ గడియారం టిక్ టిక్ అన్నట్టే ఇది జర్ర్ మంటుంది. అందుకే కెమెరా మిస్త్రీ దొరకని ఊళ్లలో గడియారాల మిస్త్రీకే చూపించేవారు.

మొదట రోగ నిర్ణయం. ఇటువంటి కెమెరాలకు సాధారణంగా ఆరు జబ్బులు ఉంటవి.

ఒకటి, షట్టరు నిదానించడం. సెకను, అర సెకను వేగాల దగ్గర తెరుచుకొని అట్లాగే ఉండిపోతుంది. పాత నూనె ఎండి జిగురైనందున వచ్చే జబ్బు ఇది.

రెండు, షట్టరు రేకులు అంటుకొనడం. రేకుల మీదికి నూనె పాకితే అవి కదలవు.

మూడు, లెన్సులో బూజు. వానాకాలపు చెమ్మ దీనికి మూలం. సాలెగూడు మాదిరిగా కనబడుతుంది.

నాలుగు, అద్దం మసకబారడం. దీని వెండిపూత మన ఇంటి అద్దం మాదిరి వెనుక వైపు గాక ముందు వైపు ఉంటుంది. దానికి గాజు కాపు లేదు.

అయిదు, ఫోకసు మర బిగుసుకొనడం.

ఆరు, వెనుక తలుపు అంచుల స్పాంజి పొడిపొడి అయి వెలుతురు దూరడం.

మన యాషికాకు ఈ ఆరింటిలో నాలుగు ఉన్నవి. ఫోకసు మర, షట్టరు రేకులు మాత్రం బాగున్నవి.

మరమ్మతు జరిగిన తీరు

ముందుగా పై మూత స్క్రూలు విప్పి, గరుకు గాజు తీసినారు. దానిని సబ్బు నీళ్లతో కడిగితే చాలు. దాని కింది అద్దాన్ని గుడ్డతో తుడవరాదు. తుడిస్తే వెండిపూత గుడ్డకు వస్తుంది. రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టవలె. మన కెమెరాలో అద్దం బాగా చెడిపోయింది కనుక అదే కొలతకు ముందు పూత అద్దం కోయించి పెట్టినారు. ఇంటి అద్దం ముక్క పెడితే సరిపోదా అంటే సరిపోదు. పూత వెనుక ఉండేసరికి బొమ్మ జంటగా పడుతుంది, ఫోకసు తప్పుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. జపాను కెమెరాల నక్షత్రపు స్క్రూలు మన బజారు స్క్రూ డ్రైవరుకు సరిగ్గా అమరవు. అవి జపాను కొలతవి. బలవంతంగా తిప్పితే స్క్రూ తల అరిగి ఇక ఎప్పటికీ రాదు. మిస్త్రీ తన స్క్రూ డ్రైవరు మొనను అరగదీసి వాటికి సరిపోయేటట్టు చేసుకొన్నాడు. విప్పిన ప్రతి స్క్రూనూ విప్పిన వరుసలోనే కాగితం మీద టేపుతో అంటించినాడు.

తరువాత ముందు పలక. దాని తోలును మెల్లగా లేపితే కింద స్క్రూలు కనబడతవి. పలక తీసి, కింది లెన్సు ముందు భాగాన్ని రబ్బరు బిళ్లతో నొక్కి తిప్పితే వస్తుంది. ఇందులో నాలుగు గాజు బిళ్లలు ఉంటవి. షట్టరు ముందు రెండు, వెనుక రెండు. వెనుక రెండు ఒకదానికొకటి అతికించి ఉంటవి గనుక వాటిని విడదీయరాదు.

షట్టరు నిదాన చక్రాలను లైటరు పెట్రోలుతో కడిగినారు. దీపానికి, పొయ్యికి దూరంగా, కిటికీలు తెరచి చేయవలసిన పని ఇది. పాత జిగురు కరిగి బయటికి వచ్చేదాకా రెండు మూడు మార్లు కడగవలె. ఆరిన తరువాత ఇరుసుల దగ్గర సూది మొనతో గడియారపు నూనె తాకించవలె. చుక్క కూడా కాదు, తడి మాత్రమే. రేకులకు ఎన్నడూ నూనె వేయరాదు. "గడియారానికి నూనె ఎక్కువైతే పరుగు తప్పుతది, దీనికి ఎక్కువైతే కన్ను మూస్తది" అన్నాడు మిస్త్రీ.

బూజు పట్టిన గాజుకు హైడ్రోజన్ పెరాక్సైడును, అమ్మోనియాను సమంగా కలిపి మెత్తని బట్టతో తుడిచినారు. చాలా భాగం పోయింది. బూజు గాజు పూతను తినివేసిన చోట సన్నని గీతలు ఉండిపోయినవి. వాటికి మందు లేదు. ఫోటోలో అవి కనబడవు, కాని సూర్యుడికి ఎదురుగా పెట్టి తీస్తే బొమ్మ కొంచెం తెల్లబారుతుంది. కొనేవారికి, అమ్మేవారికి ఈ సంగతి తెలియడం మంచిది.

వెనుక తలుపు గాడులలోని పాత స్పాంజిని గోకి తీసి, కొత్తది అతికించినారు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పరీక్ష. పై లెన్సు, కింది లెన్సు ఒకే మాట చెప్పుచున్నవా లేదా? వెనుక తలుపు తెరచి, ఫిల్ము ఉండే చోట గరుకు గాజు ముక్క పెట్టి, షట్టరును 'బి' వద్ద తెరచి ఉంచి, కిలోమీటరు దూరంలోని టవరును చూసినారు. కింద టవరు స్పష్టంగా ఉంటే పైన మసకగా ఉన్నది. అప్పుడు పై లెన్సు చుట్టూ బిగించిన సన్న స్క్రూలు వదులు చేసి, రెండు బొమ్మలు ఒకేసారి స్పష్టమయ్యేదాకా దానిని వెంట్రుకవాసి తిప్పి మళ్లీ బిగించినారు. పైన ఒకటి చూపి కింద ఇంకొకటి తీసే కెమెరాకు ఎంత మెరుగు పెట్టినా లాభం లేదు.

ఇందులోని వెలుతురు కొలిచే ముల్లుకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కావలె. అవి బజారులో లేకుండా పోయినవి. వినికిడి యంత్రాల జింకు బ్యాటరీ దగ్గరగా పనిచేస్తుంది. అదీ లేకపోతే పాత లెక్క ఉండనే ఉన్నది. మంచి ఎండలో లెన్సును 16 మీద పెట్టి, 100 వేగపు ఫిల్ముకు షట్టరును 125 మీద పెడితే చాలు. సెల్ఫ్ టైమరు మీటను మాత్రం ముట్టవద్దు. పాత షట్టరులో అది మధ్యలో ఇరుక్కుంటే కెమెరా మొత్తం మళ్లీ విప్పవలసిందే.

పని పూర్తయినాక కెమెరాను తోలు సంచిలో తిరిగి పెట్టలేదు. తోలు చెమ్మను పట్టి ఉంచి బూజును పెంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా పొట్లంతో ఉంచినాము. నెలకు ఒకసారి తీసి, అన్ని వేగాల మీద షట్టరు నొక్కుతున్నాము. వాడని యంత్రం, వాడని చదువు రెండూ ఒకే తీరున తుప్పు పడతవి.

బమాకోలో ఒక దుకాణం

ఈ చేతిపనికి లోకంలో విలువ ఉన్నదా అని యువకులు అడుగుతారు. ముస్లిములు అధికంగా ఉన్న ఆఫ్రికా దేశం మాలి. దాని రాజధాని బమాకోలో బగదాజీ అను పేట ఉన్నది. అక్కడ మాలిక్ సిదిబే చిన్న స్టూడియో నడిపినాడు. పెళ్లిళ్లకు, పండుగలకు, గుర్తింపు కార్డులకు వచ్చిన ఇరుగుపొరుగువారిని ఫోటోలు తీసినాడు. చెడిపోయిన కెమెరాలు బాగు చేయడం కూడా ఆయన వృత్తి. ఆయన బల్ల చుట్టూ పాత కెమెరాలు గుట్టలుగా ఉండేవి. తన నెగిటివులను పారవేయక, పెట్టెలలో పెట్టి ఉంచుకొన్నాడు. 1990లలో బయటి దేశాల వారు ఆ పెట్టెలు తెరచి చూసి ఆశ్చర్యపోయినారు. 2003లో హాసెల్‌బ్లాడ్ బహుమతి, 2007లో వెనిస్ ప్రదర్శనలో జీవిత సాఫల్యానికి బంగారు సింహం ఆయనను వెతుక్కుంటూ వచ్చినవి. 2016లో మరణించినాడు. ఆయన గొప్పదనం ఆయన చేతిలో, చూపులో ఉన్నది నిజమే. కాని ఆ పెట్టెలను పాత సామాన్లవాడికి వేసి ఉంటే లోకానికి ఆయన పేరు తెలిసేదే కాదు.

మన దగ్గర కూడా దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగిటివులు సుమారు 2,850 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరి భద్రంగా ఉన్నవి. నవాబుల ముఖాలు భద్రమైనవి, సంతోషం. బీడీలు చుట్టిన మన తల్లుల ముఖాలు ఎక్కడున్నవి?

నెగిటివుల సంగతి

అసలు విషయానికి వచ్చినాము. డిజిటల్ కెమెరాలు, సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత మన ఊళ్ల పాత స్టూడియోలు ఒకటొకటిగా మూతపడినవి. వాటిలోని నెగిటివులు ఏమైనవి? నల్ల తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది గనుక కొన్నిచోట్ల తూకానికి అమ్మినారు. కొన్నిచోట్ల వానకు తడిసి ముద్దలైనవి. కొన్నిచోట్ల ఇంకా బిస్కెట్ డబ్బాలలో, అట్ట పెట్టెలలో ఉన్నవి.

మన సభ్యురాలు ఒకామె తండ్రి, ఆమెకు మూడేండ్ల వయసులో గల్ఫుకు వెళ్లి అక్కడే చనిపోయినాడు. ఆయన ఫోటో పాస్‌పోర్టు మీద ఒకటే ఉండేది, ఆ పాస్‌పోర్టు ఇంటికి తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలినదల్లా ఒక ఖాళీ స్టూడియో కవరు. దాని మీద ఒక నంబరు. మూతబడిన ఆ స్టూడియో వారి డబ్బాలను వారి అనుమతితో వెతికితే ఆ నంబరు నెగిటివు దొరికింది. చెమ్మకు పక్కదానితో అతుక్కుపోయి ఉన్నది. శుభ్రమైన చల్లని నీళ్లలో నానబెట్టి, నెమ్మదిగా విడదీస్తే ఒక భుజం, చెవి పోయినవి. ముఖం మిగిలింది. ఆమెకు ఇప్పుడు యాభై దాటినవి. ప్రింటు చేతికిస్తే చాలాసేపు చూసి, "మా అన్న మొఖమే ఉన్నది" అన్నది. అంతకంటే ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. మీ ఇండ్లలో, మీ ఎరుకలోని స్టూడియోలలో నెగిటివులు ఉంటే పారవేయకండి, తూకానికి వేయకండి. ఒకదానినొకటి అంటకుండా తెల్ల కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టండి. ప్లాస్టిక్ సంచులు వద్దు. సిర్కా వాసన వస్తున్న ఫిల్మును మిగతావాటి నుండి వేరు చేయండి, ఆ జబ్బు పక్కవాటికి కూడా వ్యాపిస్తుంది. వేళ్లతో మధ్యలో ముట్టక అంచులు పట్టుకోండి. కవరు మీద ఉన్న నంబరు, పేరు, ఊరు ఏదైనా సరే అట్లాగే ఉంచండి. నంబరు లేని నెగిటివు చిరునామా లేని ఉత్తరం వంటిది. ఇంట్లోనే తెల్లని వెలుతురు తెర మీద నెగిటివు పెట్టి సెల్‌ఫోనుతో ఫోటో తీసి, రంగులు తిరగవేస్తే బొమ్మ కనబడుతుంది. పెద్దలు ఉండగానే చూపించి ఎవరెవరో వ్రాసి పెట్టండి. ఈ పని వచ్చే ఏడు చేద్దామంటే గుర్తుపట్టేవారు ఒకరు తగ్గుతారు.

ఆడవారి ఫోటోల విషయంలో ఆయా కుటుంబాల ఇష్టమే ప్రధానం. ఎవరి నెగిటివు వారికే అప్పగించవలె. వారి అనుమతి లేనిదే సంచికలో గాని, ఇంకెక్కడ గాని వేయరాదు. ఫోటోల గురించి వేరు అభిప్రాయం ఉన్న పెద్దలను కూడా మేము గౌరవిస్తాము. అవసరానికి దిగిన ఫోటో ఒక అనాథకు తండ్రి ముఖం చూపినప్పుడు దానిలోని మేలును వారు కూడా కాదనరని మా నమ్మకం.

బాగుచేసిన యాషికాను దాని యజమాని సంఘం పిల్లలు నేర్చుకొనడానికి ఇచ్చినాడు. గడియారాల మిస్త్రీ ఆదివారాలు కూర్చుని చూపించడానికి ఒప్పుకొన్నాడు. స్క్రూ విప్పడం, బిగించడం, రీలు ఎక్కించడం, తల వంచి ఎదుటి మనిషిని ఓపికగా చూడడం నేర్చుకొనేవారు పేర్లు ఇవ్వవచ్చు. ఆడపిల్లలకు వేరు సమయం ఏర్పాటు చేస్తాము. మిస్త్రీకి కూడా వయసు మీద పడింది. ఆయన చేతిలోని విద్యను ఇంకో రెండు చేతులు అందుకొంటే ఆ కెమెరా మరి ముప్పై ఏండ్లు నడుస్తుంది.

మన పెద్దల ముఖాలను, వారి చేతుల విద్యను కాపాడుకొనే తెలివిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.